వంగని కమాను

మా ఊరి పేరు చెప్పగానే ఎవరికైనా యురేనియమే గుర్తుకు వస్తుంది. 2007లో శంకుస్థాపన జరిగిన నాటి నుండి తుమ్మలపల్లె అంటే గని అన్న అర్థం స్థిరపడిపోయింది. నేనిప్పుడు వ్రాయబోయేది దాన్ని గురించి కాదు. నేలకు మూరెడు ఎత్తున, జీపు వెనుక చక్రాల దగ్గర, ఎవరూ వంగి చూడని చోట ఉండే ఇనుప పట్టీల కట్టను గురించి. ఇంత చిన్న విషయానికి ఇంత వ్రాత అవసరమా అనిపించవచ్చు. మా నాయన నడుము మీదుగా పోయిన విషయం గనుక నాకు అవసరమే అనిపించింది.

అమెరికావారికి మజిల్ కారు ఎటువంటిదో మా సీమవాళ్ళకు జీపు అటువంటిది. 1964లో పాంటియాక్ జీటీఓ వచ్చినప్పటి నుండి వాళ్ళు మధ్యరకం కారులో పెద్ద ఇంజను పెట్టి మురిసిపోయారు. అది అవసరం కాదు, బల ప్రదర్శన. మా దగ్గర ఇంజను ఎంతటిదని ఎవరూ అడగరు. బండి ఎంత ఎత్తుగా నిలబడింది, వెనుక భాగం ఎంత బింకంగా ఉంది అన్నదే చూస్తారు. 1994లో సుమో వచ్చింది, 2002లో స్కార్పియో వచ్చింది. సినిమాలు వాటిని గాలిలోకి కూడా ఎగరేశాయి. అయినా వాకిట్లో పాత మహీంద్రా జీపు ఉన్న ఇంటి తీరు వేరు. మా ఇంట్లో ఉన్నది 1991 నాటి ఎంఎం 540. చెనిక్కాయ మూటలు మోసింది, పెళ్ళివారిని మోసింది, మా అమ్మను చివరిసారి ఆసుపత్రికి మోసింది.

ముప్పై ఏళ్ళు దాటిన జీపు వెనుక భాగం కుంగడం సహజం. మా తమ్ముడు దాన్ని సహించలేకపోయాడు. కొత్త కట్టలు వేయించే బదులు, ఏదో పెద్ద వ్యానుకు చెందిన పాత పట్టీలను పాత సామాన్ల అంగట్లో కొని, ఒక్కొక్క వైపు రెండేసి చొప్పున ఎక్కించాడు. చౌకలో పని అయిపోయింది. జీపు నాలుగు అంగుళాలు లేచి, కొమ్ములు విసిరే కోడెలా నిలబడింది. ఊళ్ళో కుర్రవాళ్ళు వచ్చి చూసిపోయారు కూడా.

ఆ తర్వాత కొన్ని నెలలకు నాయన పెరట్లో జారిపడ్డాడు. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి. వెన్నుపూసలలో ఒకటి నలిగింది. శస్త్రచికిత్స అవసరం లేదనీ, నెలకు రెండుసార్లు తెచ్చి చూపించమనీ కడపలో వైద్యులు చెప్పారు. రెండవసారి నేనూ వెంట వెళ్ళాను. వేంపల్లె దాటేవరకు నాయన పైనున్న కడ్డీని రెండు చేతులా పట్టుకొని, సీటుకు ఆనకుండా, సగం లేచి కూర్చున్నాడు. కడపలో దింపేటప్పుడు చూస్తే క్రింది పెదవి మీద పంటి గాటు ఉంది. ఏమైంది నాయనా అని అడిగితే, "దోవ బాగలేదు లేరా, బండేం జేచ్చాది?" అన్నాడు. ప్రక్కన తమ్ముడు ఉన్నాడు. కొడుకు ముచ్చటపడి చేయించిన పని తనను బాధిస్తున్నదని ఆయన చెప్పదలచుకోలేదు.

ఆ రోజు నుండి నాకు కలిగిన అభిప్రాయాన్నే ఇక్కడ చెప్పబోతున్నాను. మనం బిరుసును బలం అనుకుంటున్నాము. ఈ పొరపాటు మనుషుల విషయంలో ఎంత చేటు చేసిందో మా సీమకు వేరే చెప్పనక్కరలేదు. బండి విషయంలో కూడా అది పొరపాటేనని చెప్పేవాళ్ళు మాత్రం తక్కువ.

కమాను అంటే విల్లు. పేరులోనే దాని పని ఉంది. వంగని విల్లు విల్లు కాదు, కట్టె. జీపు కమాను చేయవలసిన పని రెండు రకాలు. బండి బరువును మోయడం ఒకటి. చక్రం గుంటలో పడి లేచినప్పుడు ఆ కదలికను తనలో ఇముడ్చుకొని, పైనున్న చట్రాన్ని కదలనీయకుండా కాపాడడం రెండవది. మొదటి పనికి గట్టిదనం కావాలి, రెండవ పనికి మెత్తదనం కావాలి. ఈ రెండింటి మధ్య ఒప్పందం కుదర్చడమే కమాను తయారీలోని విద్య. పొడవైన పట్టీ మీద నుండి క్రిందికి పొట్టివవుతూ పోయే పట్టీలను పేర్చడం అందుకే: వంపు ఒకే చోట పడకుండా పొడవంతా పంచుకుంటుంది. పట్టీలు ఒకదానిమీద ఒకటి రాసుకోవడం వల్ల పుట్టే ఒరపిడి కూడా ఊపును కొంత అణచుతుంది.

మా తమ్ముడు చేసిన లెక్క సులభమైనది. ఎనిమిది పట్టీలున్న కట్టకు రెండు చేరిస్తే పావు వంతు గట్టిపడుతుంది కదా అన్నాడు. పట్టీలన్నీ ఒకే మందమైతే ఆ లెక్క ఇంచుమించు నిజమే. కాని పట్టీ బిరుసు దాని మందాన్ని మూడుసార్లు హెచ్చవేసినట్టు పెరుగుతుంది. మందం రెట్టింపు అయితే బిరుసు ఎనిమిది రెట్లు. కట్టలోని పట్టీలు 6 మిల్లీమీటర్లవి, చేర్చినవి 10 మిల్లీమీటర్లవి అనుకుందాము. తక్కిన కొలతలు సమానమైతే, చేర్చిన ఒక్కొక్క పట్టీ పాత పట్టీలు నాలుగున్నరకు సమానం. అంటే ఎనిమిదికి రెండు కాదు, తొమ్మిది చేర్చినట్టు. కట్ట రెట్టింపు బిరుసెక్కింది.

బిరుసు రెట్టింపు అయితే ఏమవుతుంది? లెక్క తేలికగా ఉండడానికి, ఒక్కొక్క వెనుక కమాను మీద ఖాళీ బండి బరువు 300 కిలోలు అనుకుందాము. 40 కిలోలకు ఒక సెంటీమీటరు చొప్పున వంగే కట్ట ఆ బరువుకు ఏడున్నర సెంటీమీటర్లు కుంగుతుంది. అప్పుడు బండి నిమిషానికి సుమారు 110 సార్లు ఊగే స్వభావంతో ఉంటుంది. కట్టను రెట్టింపు బిరుసు చేస్తే కుంగు సగమవుతుంది, ఊపు నిమిషానికి 150 దాటుతుంది. మనిషి తాపీగా నడిచేటప్పుడు ఒంటికి అలవాటైన లయ నిమిషానికి 60 నుండి 90. పెద్ద కార్లలో మెత్తగా ఉందని మనం మెచ్చుకునేది ఆ లయనే. కూర్చున్న మనిషి మొండెం, వెన్నెముక అన్నిటికంటే ఎక్కువగా అదిరేది సెకనుకు 4 నుండి 8 సార్ల ఊపులో. బండిని బిరుసు చేసిన కొద్దీ దాన్ని ఆ వైపుకే తోస్తున్నాము. కడ్డీ పట్టుకొని సగం లేచి కూర్చున్న మా నాయనకు ఈ లెక్కలేవీ తెలియవు. శరీరం చెప్పినట్టు చేశాడు.

నొప్పి ఒక్కటే అయితే ఓర్చుకోవచ్చు అనేవాళ్ళుంటారు. ఇందులో ప్రాణభయం కూడా ఉంది. బిరుసు కమాను గల ఖాళీ జీపు కంకర దోవలో పోతూంటే వెనుక చక్రాలు నేలను వదిలి ఎగురుతూ ఉంటాయి. గాలిలో ఉన్న చక్రానికి బ్రేకు పని చేయదు, పట్టూ ఉండదు. మలుపులో వెనుక భాగం ప్రక్కకు జరిగిపోతుంది. ఆ రోజు తిరిగి వచ్చేటప్పుడు ఎదురుగా టిప్పరు వస్తే తమ్ముడు బ్రేకు వేశాడు. జీపు అడ్డం తిరిగి ప్రక్కనున్న కంది చేనిలోకి దిగింది. ఎవరికీ ఏమీ కాలేదు. దుమ్ము అణగిన తర్వాత చాలాసేపు ఎవరమూ మాట్లాడలేదు.

ఇది మన పల్లెటూరి అమాయకత్వం అనుకోనక్కరలేదు. మోటారు విద్యలో ఆరితేరిన అమెరికావాళ్ళూ ఈ దారినే నడిచారు. 1967లో వచ్చిన షెవ్రోలె కెమేరో కారుకు వెనుక ఒక్కొక్క వైపు ఒకే ఒక పట్టీ ఉండేది. శక్తిగల ఇంజను ఉన్న కార్లలో యాక్సిలరేటరును ఒక్కసారిగా తొక్కితే ఇరుసు మెలితిరిగి, పట్టీ పాములా మెలికపడి, చక్రాలు నేల మీద దడదడ ఎగిరేవి. కంపెనీ మరుసటి ఏడాది శక్తిమంతమైన నమూనాలకు అనేక పట్టీల కట్ట ఇచ్చింది. దానితో ఊరుకోలేదు, వెనుక షాక్ అబ్జార్బర్లలో ఒకదాన్ని ఇరుసుకు ముందు, మరొకదాన్ని వెనుక అమర్చి మెలితిప్పును అడ్డుకొన్నది. బరువు మోయడం వేరు, మెలితిప్పును ఆపడం వేరు, ఊపును అణచడం వేరు అని గుర్తించి, ఏ పనికి ఆ భాగాన్ని చూసుకోవడం అందులోని వివేకం. 1970ల నాటి అమెరికా కుర్రవాళ్ళు మాత్రం పొడుగాటి షాకిళ్ళు వేసి కారు వెనుక భాగాన్ని ఆకాశానికి ఎత్తి తిరిగారు. మా తమ్ముడిని వాళ్ళలో కలిపితే తేడా తెలియదు.

కాబట్టి ఏది కొనాలి అన్న ప్రశ్నకు ముందు, ఏది చెడింది అన్న ప్రశ్న వేసుకోవాలి. మా జీపు విప్పి చూస్తే చెడినవి మూడు. కమాను కళ్ళలోని బుష్షులు అరిగిపోయి, ఇనుముకు ఇనుము తగులుతున్నది. షాక్ అబ్జార్బర్లలో నూనె లేదు. చేత్తో లాగితే సైకిలు పంపులా వస్తున్నవి. పట్టీలు నిజంగానే కుంగాయి, కాని ఒకటిన్నర అంగుళమే. మొదటి రెండింటిని సరిచేయకుండా మూడవదాని మీద పడడం, చెప్పులో రాయి ఉంటే కాలికి కట్టు కట్టినట్టు. షాక్ అబ్జార్బరు పరీక్ష చాలా సులభం. బండి వెనుక మూలను బలంగా క్రిందికి నొక్కి వదలండి. ఒక ఊపుతో నిలబడితే బాగున్నట్టు. రెండు మూడు సార్లు ఊగితే దాని ఆయువు తీరినట్టు.

పట్టీలను ఎంచుకోవడానికి నా దృష్టిలో కొలమానం ఒకటే: ఏడాదిలో ఎక్కువ రోజులు ఈ బండి ఏమి మోస్తుంది? మా జీపు ఇప్పుడు మూటలు మోయదు. నలుగురు మనుషులను మోస్తుంది. అటువంటి బండికి కంపెనీ కొలతల కట్టే సరైనది. ఇక్కడ తమ్ముడి వాదనలో న్యాయం లేకపోలేదు. "అరటిగెలలు ఏసినప్పుడు వెనక నేలకు తగుల్తాది గదన్నా?" అన్నాడు. నిజమే. అరటి కోతలప్పుడు ఏడాదికి పది రోజులు బరువు పడుతుంది. పది రోజుల బరువు కోసం తక్కిన మూడు వందల యాభై అయిదు రోజులు నడుము విరగ్గొట్టుకోవడం ఎందుకన్నది నా ప్రశ్న. నిత్యం మోసేవాళ్ళకు సహాయక పట్టీ అనే ఏర్పాటు ఉంది. అది ఖాళీ బండిలో ఊరికే ఉండి, బరువు పడి కట్ట కొంత కుంగిన తర్వాతనే పనిలోకి వస్తుంది. లారీల వెనుక చూసే ఉంటారు. పిలిస్తేనే పలికే చుట్టం వంటిది అది.

పాత పట్టీలకే కొలిమిలో వంపు పెట్టించమని కొందరు సలహా ఇచ్చారు. కమ్మరివారి విద్య మీద నాకు గౌరవం తక్కువేమీ లేదు. మా వైపు కొడవళ్ళు, మచ్చుకత్తులు చాలావరకు విరిగిన కమాను పట్టీల నుండి పుట్టినవే. అయితే కొడవలికి కావలసిన గుణం వేరు, కమానుకు కావలసిన గుణం వేరు. ఈ సిలికాన్, మాంగనీసు కలిసిన ఉక్కును ఎర్రగా కాల్చి, నూనెలో చల్లార్చి, మళ్ళీ తగిన వేడిలో పదును పెడితేనే వంగి తిరిగి లేచే గుణం వస్తుంది. ఆ వేడి కంటితో అంచనా వేసేది కాదు. కొలిమిలో కాల్చి వంచి వదిలేసిన పట్టీ కొద్ది నెలల్లో మళ్ళీ కుంగుతుంది, లేదా ఒకనాడు పెళుసుగా విరుగుతుంది.

ఎత్తు పెంచదలచుకున్నవాళ్ళు మరికొన్ని సంగతులు గుర్తుంచుకోవాలి. వెనుక భాగం లేచిన కొద్దీ ప్రొపెల్లర్ షాఫ్టు కోణం మారి క్రాసులు త్వరగా అరుగుతాయి. బ్రేకు గొట్టం పొడవు చాలక బిగుసుకుంటుంది. పాత షాక్ అబ్జార్బరు పూర్తిగా సాగిపోయి, కమాను చేయవలసిన పని తాను చేయబోయి ఊడివస్తుంది. పైగా బండి ఎత్తయిన కొద్దీ బోల్తాపడే గుణం పెరుగుతుంది. చట్టమూ ఉంది: తయారీదారు నిర్దేశించిన దానికి భిన్నంగా వాహనాన్ని మార్చరాదని 2019 జనవరిలో సుప్రీం కోర్టు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షనును వివరిస్తూ తీర్పు ఇచ్చింది. ఆ ఏడాది సవరణ తర్వాత ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని ఉండవచ్చు. ప్రమాదం జరిగిననాడు భీమా కంపెనీ అడిగే మొదటి ప్రశ్న కూడా ఇదే కావచ్చు.

చివరకు తమ్ముడు ఒప్పుకున్నాడు, సంతోషంగా మాత్రం కాదు. "పట్టీలు తీపిచ్చే బండి కుంగుతాదన్నా. కుంగిన బండేసుకోని ఊర్లేకి యాడొచ్చేది?" అన్నాడు. కంది చేనిలోకి పోయింది గుర్తు చేయకుండా ఊరుకున్నాను. కంపెనీ కొలతల కట్టలు రెండు, బుష్షులు, షాక్ అబ్జార్బర్లు, యూ బోల్టులు కొన్నాము. ఒక వైపు మాత్రమే చెడినా రెండు వైపులా మార్చాలి. లేకపోతే బండి ఒరిగి నడుస్తుంది.

బిగించే పని ఒక రోజుది. ముందు చక్రాలకు రాళ్ళు అడ్డుపెట్టి, వెనుక చట్రాన్ని ఎత్తి, చట్రం క్రిందనే స్టాండ్లు నిలిపాడు మేస్త్రీ. జాకీని ఇరుసు క్రింద పెట్టుకున్నాడు, కట్ట ఊడదీసేటప్పుడు ఇరుసును దింపడానికి, ఎత్తడానికి. ఒట్టి జాకీ మీద నిలిపిన బండి క్రింద దూరిన మనిషి ప్రాణం అదృష్టం మీద ఆధారపడి ఉంటుంది. పాత యూ బోల్టులు బాగానే ఉన్నవి కదా అని తమ్ముడు అంటే ఆయన వినలేదు. ఒకసారి బిగించిన యూ బోల్టు సాగి ఉంటుంది, రెండవసారి పట్టు నిలవదు. కట్ట మధ్యనున్న సెంటర్ బోల్టు తల ఇరుసు మీది గుంటలో సరిగ్గా కూర్చున్నదా లేదా వేలితో తడిమి చూశాడు. అది కూర్చోకపోతే ఇరుసు ప్రక్కకు జరిగి బండి వంకరగా పోతుంది. రబ్బరు బుష్షుల బోల్టులను చక్రాలు నేలకు ఆనిన తర్వాత, బండి బరువు పడిన తర్వాతనే పూర్తిగా బిగించాడు. గాలిలో ఉండగా బిగిస్తే బండి దించగానే రబ్బరు మెలితిరిగి కొద్ది రోజులకే చిరిగిపోతుందట. ఇంత ఓపికగా పని చేసే మనిషి దొరకడం విడిభాగాలు దొరకడం కంటే కష్టం. వెళ్ళేటప్పుడు, "మూడు వారాలకు యూ బోల్టులు మల్లా బిగిచ్చుకోవాల, మర్చిపోగాకండి" అని రెండుసార్లు చెప్పాడు.

జీపు రెండున్నర అంగుళాలు దిగింది. తమ్ముడు చుట్టూ తిరిగి చూసి ఏమీ అనలేదు. ఊడదీసిన వ్యాను పట్టీలు ఇప్పటికీ వసారాలో గోడకు ఆనించి ఉన్నాయి. అవి కమ్మరి దగ్గరికి చేరి కొడవళ్ళయితే వాటికీ ఒక సార్థకత ఉంటుంది.

అందువల్ల నా అభిప్రాయం ఇది. బండికి కొత్త భాగం కొనేటప్పుడు, అది బండిని ఎలా నిలబెడుతుంది అని కాక, లోపల కూర్చున్న వాళ్ళలో అందరికంటే బలహీనమైన మనిషిని ఎలా మోస్తుంది అని అడగాలి. నిలబడిన బండిని చూసేది ఊరు. నడిచే బండిలో కూర్చునేది మనవాళ్ళు. ఎవరి కోసం డబ్బు పెడుతున్నామో ముందే తేల్చుకుంటే అంగడిలో సగం ప్రశ్నలకు జవాబు దొరుకుతుంది.

మొన్న మళ్ళీ కడపకు వెళ్ళాము. దోవ మారలేదు, గుంటలు అక్కడే ఉన్నాయి. నాయన నడుము నొప్పి కూడా పూర్తిగా పోలేదు. వేంపల్లెలో కడ్డీని వదిలి చేతులు ఒడిలో పెట్టుకున్నాడు. నందిమండలం వచ్చేసరికి తల తమ్ముడి భుజం మీదికి వాలింది. నేను స్టీరింగు పట్టుకొని అద్దంలో చూశాను. నిద్రపోతున్నాడు. తమ్ముడు కదలకుండా, భుజాన్ని కాస్త వంచి కూర్చున్నాడు.